ఆరు శాఖల గది

వియ్యంకుడు ఆడే మాటల్లో సగం కోపం, సగం అలవాటు ఉంటాయి. ఏది ఏదో తేల్చుకోలేక కొంపలు కూల్చుకున్నవాళ్ళున్నారు. తాటిలంక ఊళ్ళో కడలి సోమన్న కొంప కూల్చుకోలేదు. గది కట్టాడు.

సోమన్నది రెండు ముక్కల ఇల్లు. ముందు సావిడి, వెనక గది. రెంటికీ మధ్య గుమ్మం ఉంది గానీ తలుపు లేదు. ఎప్పుడో సోమన్న చెల్లెలి పెళ్ళికి బూరెలు ఆరబోయడానికని వంటవాళ్ళు ఊడదీసిన తలుపు, బూరెలతో పాటే ఎటు పోయిందో పోయింది. అప్పట్నుంచీ ఆ గుమ్మానికి సోమన్న భార్య పల్లాలమ్మ పాత చీర వేలాడుతోంది. ఇన్నాళ్ళూ దానివల్ల ఎవరికీ ఇబ్బంది లేకపోయింది.

వైశాఖంలో కొడుకు వరప్రసాదుకి పెళ్ళయింది. కొత్త దంపతులకి వెనక గది వదిలేసి ముసలాళ్ళిద్దరూ సావిట్లో పక్కలేసుకున్నారు. అయితే బియ్యం డబ్బా ఆ వెనక గదిలోనే ఉంది. దేవుడి పటాలు అందులోనే. సోమన్న చుట్టల కట్ట అందులోనే, దూలం సందులో. తెల్లారగట్ల పల్లాలమ్మ అగ్గిపెట్టె కోసం వెళ్ళేది. వెళ్ళేముందు మర్యాదగా దగ్గేది. ఆ దగ్గుకి సోమన్నకి మెలకువొచ్చి, చీర ఎలాగూ తొలిగింది కదా అని చుట్ట కోసం తనూ వెళ్ళేవాడు.

అంతలో ఆషాఢం వచ్చింది. ఆషాఢంలో కొత్త కోడలు అత్తగారింట ఉండకూడదు గదా, లోవకుమారి పెట్టె సర్దుకుంది. ఆటో ఎక్కబోతూ అత్తగారి చెవిలో ఒక్క మాట వేసింది.

"అత్తా, నేనొచ్చేతలికి ఓ గొళ్ళెం సంగతి చూద్దురూ."

పల్లాలమ్మ ఆ మాట మొగుడికి చేరేసింది. సోమన్న ఏ మాటనీ ఉన్నచోట ఉండనిచ్చే మనిషి కాదు. "గొళ్ళెవంటే తలుపుండాలి. తలుపంటే గోడలుండాలి. గోడలంటే గదే కదే! పిల్ల వేరే గదడుగుతోంది," అని తేల్చాడు. అక్కడ పుట్టింట్లో ఆ పిల్ల తండ్రి బుల్లబ్బులు కూడా సరిగ్గా ఆ దారినే ఆలోచించి, ఇంకాస్త ముందుకెళ్ళి, ఫోన్ చేశాడు.

"బావగారూ! శ్రావణం రెండో శుక్కురారం అమ్మాయిని తీసుకొత్తన్నాను. గదుంటే దింపుతాను. లేదంటే అల్లుడుగారిని ఎక్కించుకుపోతాను. మా ఇంట్లో గదులకేం కొదవండీ, కోళ్ళకే రెండున్నాయి."

అంటే ఇల్లరికం! ఉన్న ఒక్క కొడుకూ మామగారింట్లో కాలు మీద కాలేసుకోలేక, తీసేసుకోలేక బతుకుతుంటే, ఊళ్ళోవాళ్ళు "మీవోడు ఈ పండక్కైనా వస్తాడా సోమన్నా?" అని అడుగుతుంటే... కాయలొలిచే గునపం తన గుండెల్లోనే దిగినట్టయింది సోమన్నకి. ఆయన పని కొబ్బరికాయల ఒలుపు. ఒలుపువాడి దగ్గర పీచు మిగులుతుంది గానీ కొబ్బరి మిగలదు. దాచుకున్నదంటూ ఏమీ లేదు.

ముందు బ్యాంకుకి వెళ్ళాడు.

"ఇల్లు పొడిగించుకోవడానికి రుణమా? మా సంస్థ ఎంతో సంతోషంగా ఇస్తుంది," అన్నాడు మేనేజరు, కుర్చీ చూపించి. "మీ డిపాజిట్లు ఏపాటి ఉంటాయి?"

"డిపాజిట్లుంటే అప్పెందుకండీ?"

"అదే మా మౌలిక సూత్రం. అవసరం ఉన్నవారు తీర్చలేరు. తీర్చగలిగినవారికి అవసరం ఉండదు. కనుక అవసరం లేనివారికి ఇవ్వడమే సురక్షితమని పైవారు నిర్ధారించారు. మీకు అవసరం తీరిపోగానే రండి."

తర్వాత ఇళ్ళ ఆఫీసుకి వెళ్ళాడు. అక్కడాయన కళ్ళజోడు పైనుంచి చూసి, "ఇల్లు లేదా?" అన్నాడు.

"ఉందండి."

"అయ్యో, పాపం! లేకపోతే మంజూరు చేసేవాళ్ళం."

"గది లేదండి."

"గది లేకపోవడం లేమి కిందికి రాదు. మీరు ఉన్నది పడగొట్టుకుని వస్తే సంపూర్ణ లేమి అని ధ్రువీకరించి వరసలో పెడతాం. మీ మనవడి చేతికి తాళాలు అందజేస్తాం."

"మనవడు పుట్టాలంటేనే గది కావాలండి," అన్నాడు సోమన్న.

"అది వేరే శాఖ," అన్నాడాయన.

టీ కొట్టు దగ్గర తల పట్టుకు కూర్చున్న సోమన్నని పథకాల పేర్రాజు చూశాడు. ఆ మండలంలో ఏ పథకం ఏ నెలలో పుడుతుందో, ఏ నెలలో చస్తుందో, ఏ బల్ల కింద పడుకుంటుందో పేర్రాజుకి తెలిసినట్టు పెట్టినవాళ్ళకి కూడా తెలియదు.

"గది అన్నమాట ఇంక నోట రానీకు సోమన్నా," అన్నాడు పేర్రాజు, అంతా విని. "గవర్నమెంటు దగ్గర గదికి పైసా లేదు. గోడలకి బోల్డుంది."

"గోడలకేటి?"

"మేకకి గోడుంది. చేపకి గోడుంది. పుట్టగొడుక్కుంది. మనిషికే లేదు. అంచేత మనిషి ఊసెత్తకుండా కట్టుకుపోవాల. నాలుగో గోడ ఎలాగూ మీ ఇంటిదేనాయె."

"మరి కిందా పైనా?"

"కింద వొడ్లారబోసుకునే కల్లం. పైన తుఫాను కప్పు."

"తలుపో?"

పేర్రాజు టీ పూర్తిగా తాగేదాకా ఆలోచించాడు. "తలుపు మాత్రం మరుగుదొడ్లోళ్ళే ఇవ్వాలయ్యా. గొళ్ళెంతో సహా ఇత్తారు."

గొళ్ళెం అన్న మాట చెవిని పడేసరికి సోమన్నకి దేవుడు కనపడినట్టయింది. "నీకేటివ్వాల పేర్రాజూ?"

"నా మేక ఒకటి పంపుతాను, ఫోటోలకి. పనయ్యేదాకా దానికి గడ్డేసుకో, చాలు."

మర్నాటి నుంచీ గది పుట్టడం మొదలెట్టింది. దరఖాస్తుల్లో ఎక్కడా గది లేదు. మేకల అధికారి పెరట్లోకి వచ్చి గాలి ఎటునుంచి వస్తోందో వేలు తడిపి చూసి, "తూర్పు గాలి మేక జాతికి హానికరం. అట్టి గాలిని నిరోధించు నిమిత్తము ఒక తూర్పు గోడ మంజూరు చేయడమైనది," అన్నాడు.

"మేకలెప్పుడిస్తారండీ?"

"గోడ తొలి విడత. మేక మలి విడత. గోడ బాగా పెరిగినట్టు నివేదిక వస్తే మేకను పరిశీలిస్తాం."

చేపల అధికారి పడమటి గోడని గోడ అనడానికి ఒప్పుకోలేదు. "మా శాఖలో గోడలుండవు. ఇది గట్టు," అన్నాడు. "నీటికి ముందు గట్టు, చేపకి ముందు నీరు. ఇదే మా క్రమం." పుట్టగొడుగుల శాఖ ఉత్తరపు గోడనిచ్చింది. కిటికీ పెడితే మాత్రం వెనక్కి తీసుకుంటామంది, ఎందుకంటే అది గోడ కాదు, చీకటి. పంటల శాఖ నేలంతా సిమెంటు చేయించింది. తుఫాను శాఖ రేకుల కప్పు ఇచ్చి, కింద ఎర్ర అక్షరాలతో రాయించింది: 'ఇందు నలభై మంది బాధితులు నిలబడవచ్చును.' దొడ్ల శాఖ నీలం రంగు రేకు తలుపొకటి ఆటోలో పంపింది. దాని మీద చెంబు బొమ్మ, చెంబు మీద అడ్డంగా కొట్టివేత, కింద 'మన గౌరవం మన గొళ్ళెం' అని సూక్తి.

ఏ గోడకైనా లబ్ధిదారుని వాటా ఉండాలన్నారు. సోమన్న దగ్గర ఉన్నది ఒళ్ళే కనుక అదే వాటా వేశాడు. పొద్దున ఒలుపుకి పోయి, సాయంత్రం వచ్చి ఇసక మోసేవాడు. వరప్రసాదు కిరాయిలు మానుకుని తన ఆటోలో ఇటుకలు తోలాడు. పల్లాలమ్మ గోడలు తడిపింది. తడుపుతూ ఒకసారి అంది కూడా:

"ఇదిగో, పిల్ల గొళ్ళెవంది గదా? గదనలేదేమో?"

"నీకు తెలీదు ఊరుకో. ఆడపిల్లలు పూర్తిగా అడగరు. మనవే అర్థం చేసుకోవాల," అన్నాడు సోమన్న, అర్థం చేసుకున్నవాడి గర్వంతో.

ఆషాఢం వెళ్ళేలోగా గది నిలబడింది. తూర్పు గోడ పచ్చ రంగు, పడమర నీలం, ఉత్తరం నలుపు. ప్రతి గోడ మీదా సోమన్న పేరు, తండ్రి పేరు, ఆ శాఖ బొమ్మ. కోటలు కట్టించిన రాజు కూడా ఇన్ని చోట్ల పేరు రాయించుకుని ఉండడు. సోమన్న నవారు మంచం తెచ్చి నడిమధ్యన వేశాడు. గొళ్ళెం తీసి వేసి, తీసి వేసి, ఆ చప్పుడు వియ్యంకుడి ఊరు దాకా వినిపించాలన్నట్టు ఇంకోసారి వేశాడు.

అప్పుడు మొదలయ్యాయి తనిఖీలు.

మేకల అధికారి వచ్చి తూర్పు గోడ దగ్గర మేక లేకపోవడం చూసి నొచ్చుకున్నాడు. "మీరివ్వలేదు గదండీ," అన్నాడు సోమన్న. "మేము ఇవ్వకపోవడం వేరు, మీరు కలిగి ఉండకపోవడం వేరు. సదరు గోడను మేక నిమిత్తము తప్ప అన్యథా వినియోగించరాదు," అన్నాడాయన. పేర్రాజు మేక వచ్చింది. తెల్ల చెవుల మేక, ఫోటో అనగానే తల ఇటు తిప్పేది. అది మండలంలో ప్రతి లబ్ధిదారుడి ఫైల్లోనూ ఉంది మరి.

"ఈ మేకని ఎక్కడో చూశానయ్యా," అన్నాడు అధికారి.

"తవరు బోల్డు మేకల్ని చూత్తారు గదండీ, ఆయ్," అన్నాడు పేర్రాజు.

చేపల అధికారి గట్టుకి నీరు తగలాలన్నాడు. పడమటి గోడకి ఆనించి తొట్టి కట్టి అందులో కొర్రమీనుల్ని వదిలారు. అవి తొట్టిలో ఉండే రకాలా? ఎగిరి మంచం మీదికొచ్చేవి. పుట్టగొడుగుల వాళ్ళు ఉత్తరపు గోడకి గడ్డి సంచులు వేలాడదీశారు. ఆ గడ్డిని మేక తినేది. పంటల శాఖ నేల మీద వడ్లు కనపడాలంది. పక్కింటివాళ్ళ వడ్లు బస్తా తెచ్చి పోశారు. వాటినీ మేకే తినేది. తిన్నది అరక్క, తుఫాను బాధితులు నిలబడవలసిన చోట నిలబడి అరిచేది.

మంచం ఒక్కొక్క తనిఖీకీ ఒక్కొక్క జరుగు జరిగి, ఆఖరికి పెరట్లో కొబ్బరి చెట్టు కింద తేలింది.

ఇంతలో అసలు ప్రమాదం వచ్చిపడింది. పంటల అధికారి తల పైకెత్తి చూశాడు.

"కల్లానికి కప్పేమిటయ్యా? వడ్లకి ఎండ ఎక్కణ్ణుంచి తగులుతుంది? తక్షణం తొలగించు."

తుఫాను అధికారి వచ్చి తల కిందికి దించి చూశాడు. "కప్పు తొలగిస్తే బాధితులేమైపోతారు? ముందీ వడ్లు తొలగించు."

"బాధితులెవరూ లేరు గదండీ," అన్నాడు సోమన్న.

"రేపు తుఫాను రాదని నువ్వు రాసిస్తావా?"

సోమన్న రాసివ్వలేదు. రెండు శాఖలూ ఒకదానికొకటి రాసుకున్నాయి. రాతలు పైకి పోయాయి. పైన సమన్వయాధికారి అని ఒకాయన ఉన్నాడు. శాఖలన్నీ కలిసి పనిచేయాలని ఆయనకి కొత్తగా ఉత్సాహం పుట్టింది. కలిసి పనిచేస్తున్న శాఖలు రాష్ట్రమంతా వెతికినా కనపడక దిగులుగా ఉన్నాడు. ఒకే గదిలో ఆరు శాఖలున్నాయని వినగానే కంట నీళ్ళెట్టుకున్నాడట. తానే వస్తానన్నాడు. ఎప్పుడు? శ్రావణం రెండో శుక్రవారం.

ఆ పొద్దున్న సోమన్న పెరట్లో జీపులకి చోటు చాల్లేదు. దొడ్ల అధికారి ఒక్కడే సెలవులో ఉన్నాడు. తక్కినవాళ్ళంతా ఎవరి గోడకి వాళ్ళు ఆనుకుని నిలబడ్డారు. సమన్వయాధికారి వడ్ల మధ్యలో నిలబడి, చేతులు చాచి, "అద్భుతం!" అన్నాడు. కొర్రమీను ఒకటి ఎగిరి ఆయన బూటు మీద పడింది. "అద్భుతం!" అన్నాడు మళ్ళీ.

అప్పుడే బయట ఆటో ఆగింది. బుల్లబ్బులు దిగాడు, సారె బుట్టతో. వెనక లోవకుమారి. జీపులు చూసి బుల్లబ్బులు ఒక అడుగు వెనక్కి వేశాడు గానీ, మేక అరుపు విని ధైర్యం తెచ్చుకున్నాడు.

లోపల సమన్వయాధికారి తీర్పు చెబుతున్నాడు. "ఇందులో వైరుధ్యం లేదు, వేళల సమస్య ఉంది. పగలు ఇది కల్లం. రాత్రి ఇది ఆశ్రయం. కావున లబ్ధిదారుడు ప్రతిదినము సూర్యోదయమున కప్పు తొలగించి, సూర్యాస్తమయమున తిరిగి అమర్చవలెను."

"మరి మా చీకటి?" అన్నాడు పుట్టగొడుగుల అధికారి.

"పగటిపూట సంచులకి నల్లగుడ్డ కప్పవలెను. ఇక అన్ని శాఖలకీ సమ్మతమే కదా?"

ఎవరి గోడ వాళ్ళకి దక్కినందుకు అందరూ చప్పట్లు కొట్టారు. సోమన్న చేతులు కట్టుకుని ముందుకొచ్చాడు. వెనక వియ్యంకుడి చూపు వీపుకి గుచ్చుకుంటోంది.

"బాబుగారూ, మరి మా కుర్రోడూ కోడలూ ఎక్కడ పడుకుంటారండీ?"

"ఎవరు?" అన్నాడు సమన్వయాధికారి. "ఏ శాఖ?"

"శాఖ కాదండి. కొడుకూ కోడలూ."

"వాళ్ళకి ఇందులో గోడ ఉందా?"

"లేదండి."

"నేల?"

"లేదండి."

"గోడా నేలా లేనివాళ్ళు గదిలో ఎలా ఉంటారయ్యా?" అన్నాడాయన, ఎంతో ఓర్పుగా. "తుఫాను వస్తే నిలబడొచ్చు. తప్పకుండా రమ్మను."

జీపులు వెళ్ళిపోయాయి. పెరట్లో దుమ్ము సర్దుకున్నాక బుల్లబ్బులు గది చుట్టూ ఒకసారి తిరిగాడు. పచ్చ గోడ చదివాడు, నీలం గోడ చదివాడు, నల్ల గోడ చదివాడు.

"బాగా కట్టారండి బావగారూ," అన్నాడు. "మేకకి బాగుంది. చేపకి బాగుంది. పాపం మీ పేరు కూడా బాగా రాశారు. అల్లుడుగారూ! బట్టలు సర్దుకోండి."

తండ్రి మొహంలోకి చూడలేక వరప్రసాదు వడ్లని కాలితో చదును చేస్తూ నిలబడ్డాడు. పల్లాలమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. ఇసక మోసి మోసి సోమన్న భుజం కాయలు కాసి ఉంది. అదొక్కటీ తడుముకున్నాడు.

లోవకుమారి ఇదేమీ వింటున్నట్టు లేదు. నీలం తలుపు దగ్గర నిలబడి గొళ్ళెం ఆడించి చూస్తోంది. తీసింది, వేసింది.

"ఇదెవరిది అత్తా?"

"దొడ్లోళ్ళదే, అమ్మా."

"ఆళ్ళు రాలేదా?"

"సెలవంట."

"ఏవండీ," అంది మొగుడితో, "మీ ఆటోలో పానా ఉంది గదా, అట్టుకురండి."

"ఎందుకే?" అన్నాడు బుల్లబ్బులు.

"నాన్నా! నేనడిగింది గొళ్ళెం. గది అడిగింది నువ్వు, కట్టింది మావయ్య. నన్నొక్క మాట మళ్ళీ అడిగినోళ్ళు లేరు. ఆ బుట్ట అక్కడ పెట్టి ఈ రేకట్టుకో."

నాలుగు మరలు ఊడేసరికి తలుపు చేతికొచ్చింది. బుల్లబ్బులు ఒక కొస, సోమన్న ఒక కొస పట్టారు. వియ్యంకులిద్దరూ పెళ్ళి తర్వాత కలిసి చేసిన మొదటి పని అదే. సావిట్లోంచి తీసుకెళ్ళి, పాత చీర తప్పించి, వెనక గది గుమ్మానికి బిగించారు. దొడ్డి తలుపు గనక కింద జానెడు చాల్లేదు.

"పిల్లి దూరుతుంది గానీ మనిషి దూరడు. చాల్లే," అంది పల్లాలమ్మ. అంటూనే లోపలికెళ్ళి బియ్యం డబ్బా, అగ్గిపెట్టె, చుట్టల కట్ట, దేవుడి పటాలూ ఒకటొకటీ తెచ్చి సావిట్లో సర్దింది. ఇంత కాలం ఆ అగ్గిపెట్టె సావిట్లో ఉండకూడదని చెప్పినవాడెవడూ లేడని సోమన్నకి అప్పుడే తోచింది.

బుల్లబ్బులు మంచినీళ్ళు తాగి, సారె ఇచ్చి, ఒక్కడే వెళ్ళిపోయాడు. వెళ్తూ వెళ్తూ, "మా కోళ్ళ గదికి ఇలాటి కప్పు దొరుకుతుందేమో పేర్రాజుని ఓ మాట అడుగుదురూ," అన్నాడు.

ఆరు శాఖల గది చూడ్డానికి ఇప్పటికీ ఊరూరి అధికారులు బస్సుల్లో వస్తారు. పొద్దున్నే సోమన్న రేకులు దించుతాడు, సాయంత్రం ఎక్కిస్తాడు. కూలి అడిగితే, అది లబ్ధిదారుని వాటా అన్నారు. నెలాఖరుకి అయిదు శాఖలూ అయిదు నోటీసులు పంపాయి. గోడ ఉంది, మేక వాడుకోవడం లేదు. గట్టు ఉంది, చేపలు నిలవడం లేదు. అన్నీ అలాంటివే.

ఆరో అధికారి, దొడ్లాయన, సెలవు ముగించుకుని భాద్రపదంలో ఒక ఆదివారం మధ్యాహ్నం వచ్చాడు. గదికి తలుపు లేకపోవడం చూసి కంగారుపడ్డాడు. "మా యూనిట్ ఏదయ్యా?"

సోమన్న ఆయన్ని సావిట్లోకి తీసుకెళ్ళి చూపించాడు. నీలం తలుపు, చెంబు బొమ్మ, సూక్తి, అన్నీ ఉన్నాయి. లోపలినుంచి గొళ్ళెం పెట్టి ఉంది. అధికారి వేలితో తట్టాడు.

లోపల గాజులు గలగలమన్నాయి. ఎవరో నవ్వు ఆపుకున్నారు. తర్వాత వరప్రసాదు గొంతు, విసుగ్గా: "ఎవరదీ? ఉన్నాం!"

అధికారి గభాలున వెనక్కి తగ్గాడు. అలాంటి తలుపు అవతల మనిషి ఉన్నప్పుడు మళ్ళీ తట్టకూడదని ఆయన ఉద్యోగంలో మొదటి పాఠం. చెమట తుడుచుకుని, మంచం పట్టె మీద కూర్చుని, పెన్ను తీశాడు. తనిఖీ కాగితంలో వినియోగం అన్న గడి ఉంది. పదేళ్ళ సర్వీసులో ఆ గడి ఆయన ఎప్పుడూ నిజంగా నింపలేదు.

"లోపలికెళ్ళి ఎంతసేపైందయ్యా?" అన్నాడు, గొంతు తగ్గించి.

సోమన్న చుట్ట వెలిగించుకున్నాడు. అగ్గిపెట్టె పక్కనే ఉంది.

"శ్రావణం రెండో శుక్కురారం నుంచీ అండి," అన్నాడు.